శిలకు వ్యాఖ్యానం: అమరావతి శిల్పాలు, ప్రదర్శనశాలలు

చెన్నపట్నం ఎగ్మూరులోని ప్రభుత్వ ప్రదర్శనశాలలో, అమరావతి శిలల నడుమ, పూర్ణఘటం చెక్కిన ఫలకం ఒకటి ఉన్నది. దానిపై బ్రాహ్మీలిపిలో ప్రాకృత శాసనం కలదు. నాగోపాధ్యాయుని కుమారుడు, చర్మకారుడు అయిన విధికుడు తన తల్లితో, భార్యతో, సోదరులతో, కుమారుడు నాగునితో, కుమార్తెలతో, జ్ఞాతులతో, బంధుమిత్రులతో కూడి ఈ పూర్ణఘట ఫలకాన్ని దానమిచ్చినాడని ఆ శాసన తాత్పర్యం. సుమారు పదునెనిమిది వందల సంవత్సరాలనాటి ఒక తోలుపనివాని కుటుంబం, తాత మొదలు మనుమని వరకు, ఆ రాతిమీద నేటికీ నిలిచి ఉన్నది.

ఈ శాసనాన్ని చదివినవారికి సహజంగా ఒక ప్రశ్న పుట్టవలె. విధికుడు ఆ ఫలకాన్ని ఎక్కడ ఉంచుటకు ఇచ్చినాడు? ప్రదర్శనశాలకు కాదు గదా! ఒక మహాచైత్యం గోడను కప్పుటకు, తనవంటివారు వందలకొలది ఇచ్చిన ఫలకాల వరుసలో ఒకటిగా నిలుపుటకు ఇచ్చినాడు. దాని ఎడమ పక్క మరొకరి దానం, కుడి పక్క ఇంకొకరి దానం, ఎదుట ప్రదక్షిణం చేసే జనం, వెనుక ఇటుకతో కట్టిన మేధి. ఇవన్నీ కలిస్తేనే ఆ రాతికి అర్థం. ఇప్పుడు ఇరుగుపొరుగులు మారినవి. వెనుక ఉన్న గోడ వేరు, ఎదుట నిలిచే మనిషి వేరు.

కావ్యానికి వ్యాఖ్యానం ఎటువంటిదో, ప్రాచీన శిల్పానికి ప్రదర్శనశాల అటువంటిది. వ్యాఖ్యాత సమర్థుడైతే అన్వయం తెలిసి, పద్యం పాఠకుని మనస్సులో మరల నిలబడుతుంది. అసమర్థుడైతే ప్రతి పదానికీ అర్థం తెలుస్తుంది గాని పద్యం చేజారిపోతుంది. గడచిన రెండు శతాబ్దాలలో అమరావతి శిలలకు ఇటువంటి వ్యాఖ్యానాలు చాలా జరిగినవి. ఏ గోడకు ఎత్తితే ఆ గోడ వాటికి ఒక కొత్త అర్థం చెప్పినది. ఆ వ్యాఖ్యానాల చరిత్ర తెలియనిదే నేడు ఆ శిల్పాలను సరిగా చూడటం సాధ్యం కాదు.

మొదట మూలాన్ని గుర్తుచేసుకోవలె. ధాన్యకటక మహాచైత్యం కృష్ణానది దక్షిణ తీరాన, నేటి ధరణికోటకు చేరువన నిలిచినది. క్రీస్తుకు పూర్వమే ఆరంభమై, శాతవాహనుల కాలంలో, క్రీ.శ. 2, 3 శతాబ్దాల నాటికి పరిపూర్ణ శోభ పొందినది. మేధి వ్యాసం సుమారు 160 అడుగులు. దానిపై అండం, హర్మిక, ఛత్రం. మేధి చుట్టూ ప్రదక్షిణ పథం. ఆ పథానికి వెలుపల నిలువు స్తంభాలు, వాటిని కలుపుతూ అడ్డంగా సాగే సూచులు, వాటి మీద ఉష్ణీషం కూర్చిన రాతి ప్రాకారవేదిక. నాలుగు దిక్కుల నాలుగు ద్వారాలు. ద్వారాలకు ఎదురుగా మేధినుంచి ముందుకు చొచ్చుకొని వచ్చిన ఆయకపీఠాలు, ఒక్కొక్క పీఠం మీద ఐదేసి స్తంభాలు. శిల్పాలు చెక్కిన రాయిని పాలరాయి అనటం వాడుకైనది కాని, అది నిజానికి లేత ఆకుపచ్చ చాయగల పల్నాటి సున్నపురాయి. మెత్తగా ఉలికి లొంగుతుంది, సన్నని గీతను కూడ నిలుపుకొంటుంది. ఆ సున్నపు గుణమే తరువాత దానికి ప్రాణాంతకమైనది.

ఆ ప్రాకారవేదికలోని అలంకరణకు ఒక క్రమం ఉన్నది. వెలుపలి ముఖాన విప్పారిన పద్మాలు, అర్ధపద్మాలు. ఉష్ణీషం వెలుపలి పక్క మనుష్యులు మోసే లావైన పూలదండ అలలుగా లేచి పడుతూ కట్టడమంతా చుట్టివస్తుంది. దూరాన ఉన్నవానికి కనిపించేది ఆ పువ్వులూ ఆ దండయే. ద్వారం దాటి లోపలికి పోయినవానికి మాత్రమే, లోపలి ముఖాన, బుద్ధుని కథలూ జాతకాలూ ఎదురవుతవి. నడిస్తేనే కథ సాగుతుంది, నిలిచినవానికి ఒక ఘట్టమే దక్కుతుంది. నాలాగిరి గజదమనం చెక్కిన ప్రసిద్ధ వృత్తఫలకంలో మదించిన ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుతూ రావటం, అదే ఏనుగు బుద్ధుని ఎదుట మోకరిల్లటం, రెండు క్షణాలూ ఒకే వలయంలో ఇమిడి ఉన్నవి. భవనాల గవాక్షాలనుంచి ఆ కలవరాన్ని చూచే స్త్రీలనుకూడ శిల్పి మరువలేదు. ప్రదక్షిణం చేసేవాడు నడక ఆపకుండనే ఆ రెండు క్షణాలనూ గ్రహించగలడు. నడిచేవాని కంటికై కూర్చిన శిల్పం అది.

మేధికి తాపిన ఫలకాలలో కొన్నిటిమీద ఆ స్తూపం బొమ్మనే చెక్కినారు. స్తూపం తన శరీరంమీద తన రూపాన్నే ధరించినదన్నమాట. కట్టడం నశించిన తరువాత దాని ఆకృతిని పండితులు ఊహించగలిగినది ప్రధానంగా ఈ ఫలకాల వల్లనే. అటువంటి ఫలకం ఒకటి నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. దానికి రెండు ముఖాలూ చెక్కడమే. ఒక వైపు క్రీ.పూ. 1వ శతాబ్దినాటి దృశ్యం: బుద్ధుని రూపం లేదు, బోధివృక్షం, శూన్యాసనం, చుట్టూ ఆరాధకులు. దానిని క్రీ.శ. 3వ శతాబ్దిలో తిప్పి, వెనుక ముఖాన సర్వాలంకారశోభితమైన స్తూపాన్ని చెక్కినారు. పాతదానిని పగులగొట్టలేదు, గోడ వైపుకు తిప్పి దాచినారు. ఈ స్తూపం ఒక్కసారి కట్టి ముగించినది కాదనీ, తరతరాలుగా జనం దానిని తిరిగి తిరిగి రాస్తూ వచ్చినారనీ ఆ ఒక్క రాయి చెప్పుచున్నది.

ఆ జనం ఎవరో శాసనాలే చెప్పుచున్నవి. గృహపతులు, వణిజులు, సుగంధద్రవ్యాలు అమ్మేవారు, భిక్షువులు, భిక్షుణులు, ఉపాసికలు, చర్మకారుడైన విధికుడు. ఒకరు స్తంభం, ఒకరు సూచి, ఒకరు ఫలకం ఇచ్చినారు. పదిమంది సొమ్ముతో, పదిమంది నడిచే చోట, పదిమంది పేర్లతో నిలిచిన కళను ప్రజాకళ అనటానికి సందేహింప పనిలేదు.

బౌద్ధం తెలుగుదేశంలో క్షీణించిన తరువాత కూడ ఈ చైత్యం వెంటనే మరుగున పడలేదు. 1182లో కోట కేతరాజు వేయించిన శాసనం అమరేశ్వరాలయంలో ఉన్నది. అందులో బుద్ధదేవునికిచ్చిన గ్రామాలూ దీపాలూ ప్రస్తావితమైనవి. 1344లో సింహళంలోని గడలదెణియ శిలాశాసనం, ధర్మకీర్తి స్థవిరుడు ధాన్యకటకంలో ఒక ప్రతిమాగృహాన్ని బాగుచేయించినాడని చెప్పుచున్నది. ఆ తరువాత మౌనం. స్తూపం మన్నుకప్పిన దిబ్బ అయినది. ఊరివారు దానిని దీపాలదిన్నె అన్నారు. వెలిగించినవారు పోయినా వెలుగు మాత్రం పేరులో మిగిలినది.

18వ శతాబ్ది చివరి సంవత్సరాలలో వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు చింతపల్లి విడిచి అమరావతిలో కొత్త రాజధాని కట్టుకొన్నాడు. పట్టణానికి రాయీ ఇటుకా కావలసివచ్చినవి. దీపాలదిన్నె చేతికందే దూరంలో ఉన్నది. అక్కడి రాళ్లు కొన్ని కట్టడాలకు పోయినవి, కొన్ని సున్నపుబట్టీలకు పోయినవి. ఉలికి లొంగిన గుణమే నిప్పుకూ లొంగినది. ఇందుకు జమీందారును మాత్రమే నిందించటం న్యాయం కాదు. ఆనాటికి ఆ దిబ్బలో ఏమున్నదో చెప్పగలవారు ఆ ప్రాంతంలో లేరు. అర్థం మరచిన చోట శిల్పం రాయిగానే కనిపిస్తుంది.

1797లో కంపెనీ సైన్యాధికారి కాలిన్ మెకంజీ ఆ వార్త విని అమరావతికి వచ్చినాడు. మెకంజీ కృషిలో కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల పాత్ర తెలుగువారికి సుపరిచితం. మొదటిసారి ఆయన చూచినది కొద్ది భాగమే. ఆ కట్టడం జైనులదని తలచినాడు. 1816లో సర్వేయర్ జనరల్ హోదాలో తిరిగి వచ్చేసరికి దిబ్బ నడిబొడ్డున చెరువు తవ్వి ఉన్నది. స్తూపగర్భం ఉండవలసిన చోట గొయ్యి కనిపించినది. మెకంజీ మిగిలినదానిని కొలిపించి, పటం గీయించి, శిల్పాలను ఒక్కొక్కటిగా చిత్రింపజేసినాడు. 85 చిత్రాలతో కూడిన ఆ సంపుటం ఇప్పుడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. అందులో కనిపించే రాళ్లలో కొన్ని తరువాత ఎవరికీ కనిపించలేదు. వాటికి మిగిలిన అస్తిత్వం ఆ కాగితమే. అమరావతికి తొలి సద్వ్యాఖ్యాత మెకంజీ అనవచ్చును. ఏ రాయి ఎక్కడ ఉన్నదో రాసిపెట్టిన తరువాతనే దాని అందాన్ని గీయించినాడు.

తరువాతివారికి ఆ ఓర్పు లేదు. బందరులో పనిచేసిన రాబర్ట్‌సన్ అనే కంపెనీ అధికారి అక్కడ కొత్తగా ఒక పేట వేయించి, దాని అంగడివీధి కూడలిని అలంకరించుటకు అమరావతినుంచి ముప్పైకి పైగా ఫలకాలు తెప్పించినాడు. ఆ పేటకు నేటికీ రాబర్ట్‌సన్‌పేట అనే పేరే నిలిచి ఉన్నది. సంతకు వచ్చిన జనం కంటిముందు శిల్పాలు ఉండవలెనన్న ఆలోచన చెడ్డది కాదు. బజారులో కళను నిలపవలెనని నేటి నగర నిర్మాతలుకూడ కోరుచున్నారు. కాని అక్కడ నిలిచినది స్తూపం కాదు, స్తూపాన్ని విరిచి తీసిన తునకలు. ప్రబంధంలోనుంచి ముప్పై పద్యాలు చించి, వరుస తప్పించి, చావడి గోడలకు అంటించినట్లయినది. 1835లో మద్రాసు గవర్నరు వెంట వచ్చిన వైద్యుడు బెంజా ఆ రాళ్లను చూచి వర్ణించినాడు. గవర్నరు వాటిని మద్రాసుకు పంపవలెనన్నాడు. ఉత్తరప్రత్యుత్తరాలలో ఇంచుమించు రెండు దశాబ్దాలు గడచిన తరువాత, 1850లలో గాని అవి మద్రాసు చేరలేదు.

ఈలోగా 1845లో వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించి అనేక ఫలకాలు మద్రాసుకు పంపినాడు. అవి సంవత్సరాల తరబడి ఆరుబయట ఎండకూ వానకూ పడి ఉన్నవి. 1851లో స్థాపితమైన మద్రాసు ప్రదర్శనశాలకు ఎడ్వర్డ్ బాల్‌ఫర్ అధిపతి అయిన తరువాత వాటిపై కొంత శ్రద్ధ ఏర్పడినది. 1856లో విలియం టేలర్ వాటికి పట్టిక తయారుచేసినాడు. 1859లో 120కి పైగా ఫలకాలను ఓడకెక్కించి లండనుకు పంపినారు.

అవి ఇంగ్లండు చేరేసరికి వాటిని పిలిపించుకొన్న కంపెనీయే పరిపాలన కోల్పోయి ఉన్నది. కంపెనీ ప్రదర్శనశాలకు సొంత ఇల్లు కూడ లేకుండపోయినది. శిలలు కొంతకాలం థేమ్స్ రేవు గిడ్డంగిలోనూ, తరువాత ఫైఫ్ హౌస్ అనే భవనానికి చేర్చిన బండ్ల సావడిలోనూ పడి ఉన్నవి. 1867నాటి పారిస్ ప్రదర్శనకు భారతీయ వాస్తువును గూర్చి సామగ్రి వెదకుతున్న జేమ్స్ ఫెర్గూసన్ వాటిని అక్కడ గుర్తించినాడు. ప్రతి తునకకూ ఛాయాచిత్రం తీయించి, మెకంజీ చిత్రాలతో పోల్చి, కాగితంమీద స్తూపాన్ని తిరిగి కట్టుటకు పూనుకొన్నాడు. 1868లో ఆయన గ్రంథం వెలువడినప్పుడు అమరావతి పేరు ఐరోపా పండితలోకంలో మారుమోగినది.

ఫెర్గూసన్ పరిశ్రమ శ్లాఘనీయం. అయినా ఆయన చేసిన పొరపాటు ఒకటి ఇక్కడ గమనింపదగినది. స్తూపానికి ఒకదానిలో ఒకటిగా రెండు ప్రాకారాలు ఉండేవని ఆయన ఊహించినాడు. లోపలి ప్రాకారంగా ఆయన భావించినవి వాస్తవానికి మేధికి తాపిన ఫలకాలని తరువాతి పరిశోధనలో తేలినది. అంతటి వాస్తువేత్త అంతటి పొరపాటు చేయటానికి కారణం అజ్ఞానం కాదు, రాయికీ స్థలానికీ సంబంధం తెగిపోవటమే. పునాది ఎదుట ఉంటే సులభంగా తేలగల సంగతి, వేల మైళ్ల దూరాన బండ్లసావడిలో తేలలేదు.

అమరావతిలో మిగిలిన దిబ్బ కథ ఇంకా విషాదకరం. 1877లో రాబర్ట్ సువెల్ జాగ్రత్తతోనే కొంత భాగం తవ్వి నివేదిక రాసినాడు. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు స్థలమంతా శుభ్రంగా తవ్వవలెనని ఉత్తరువిచ్చినాడు. పని వేగంగా జరిగినది. 1881 చివర పురావస్తు శాస్త్రవేత్త జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి స్తూపం ఉన్న చోట పెద్ద గొయ్యి, దాని అంచుల వెంట పెళ్లగించిన రాళ్లు మిగిలినవి. ఏ ఫలకం పక్కన ఏ ఫలకం ఉండేదో చెప్పే ఆధారం చాలవరకు నశించినది. జమీందారు మనుషులు తెలియక చేసినదానిని, సర్కారు మనుషులు తెలుసుకోవలెనన్న ఆతురతతో పూర్తిచేసినారు.

ఆ రాళ్లను ఏమి చేయవలెనన్న ప్రశ్నమీద అప్పుడు జరిగిన వాదం నేటికీ ముగియలేదు. స్థలంలో రక్షణ లేదు కాబట్టి ముఖ్యమైనవాటిని మద్రాసుకు చేర్చవలెనని బర్జెస్ అన్నాడు. ప్రాచీన కట్టడాల పర్యవేక్షకుడుగా ఉన్న హెన్రీ హార్డీ కోల్ అందుకు ఒప్పుకోలేదు. మూలం స్వస్థానంలో ఉండవలె, ప్రదర్శనశాలలకు అచ్చుపోసిన ప్రతులు చాలునని ఆయన మతం. ఈ మాట అనుటకు కోల్‌కు అర్హత ఉన్నది. సుమారు 1870లో సాంచి తూర్పు తోరణానికి పూర్ణప్రమాణంలో అచ్చు తీయించి లండనుకు పంపినవాడు ఆయనే. దానివల్ల ఐరోపావారు సాంచి తోరణాన్ని కన్నులారా చూచినారు, అసలు తోరణం సాంచిలోనే నిలిచి ఉన్నది.

మద్రాసు ప్రభుత్వం కోల్ మాట వినలేదు. ఫలకాలు మద్రాసు చేరినవి. ప్రదర్శనశాల అధికారి బిడీ వాటిని గోడలకు చేర్చి సిమెంటుతో బిగింపజేసినాడు. పడిపోకుండా ఉండవలెనన్నది ఆయన సదుద్దేశం. ఫలితం వేరు. సిమెంటులో దిగిన రాతికి ముందు ముఖం మాత్రమే మిగులుతుంది. వెనుక ఏమున్నదో, మందమెంతో, కూర్పుకు తొలిచిన గాడి ఎక్కడున్నదో చూచేవానికి తెలియదు. సున్నపురాతికి సిమెంటూ, దానివెంట వచ్చే తేమా, ఉప్పులూ మంచి చేయవు. తరువాతి తరాల సంరక్షకులకు ఆ బిగింపు పెద్ద సమస్య అయినది. స్తూపాన్ని చుట్టి నడిచినవాని కోసం చెక్కిన వలయం, గది గోడమీద తిన్నని వరుస అయినది.

లండనులో జరిగిన వ్యాఖ్యానంకూడ ఇటువంటిదే. 1880లో శిలలు బ్రిటిష్ మ్యూజియానికి చెంది, ప్రధాన సోపానమార్గపు గోడలపై చేరినవి. గ్రీకుదేవాలయం వలె స్తంభపంక్తులతో కట్టిన భవనం అది. అందులో ఎథెన్సు శిల్పాలకు విశాలమైన శాల, అమరావతికి మెట్లదారి. మెట్లెక్కి మరెక్కడికో పోయేవారికి దారిలో కనిపించే అలంకారంగా అవి నిలిచినవి. 20వ శతాబ్దిలో దశాబ్దాల పాటు నేలమాళిగలో మరుగుపడి, 1992లో వాతావరణాన్ని నియంత్రించే ప్రత్యేకశాలలో వెలుగు చూచినవి. అక్కడ ప్రాకారవేదిక భాగాలను కట్టడంలో ఉండే ఎత్తున, ఒకదానితో ఒకటి చేర్చి నిలిపినారు. శతాబ్దానికి పైగా గోడచిత్రాలవలె ఉన్నవి మరల ప్రాకారమని తెలిసినవి.

అదే కాలంలో కలకత్తాలో వేరొక మార్గం తొక్కినారు. 1873లో అలెగ్జాండర్ కన్నింగ్‌హాం భార్హుత్ స్తూపశిథిలాలను కనుగొని, ప్రాకారవేదిక భాగాలనూ తూర్పు తోరణాన్నీ కలకత్తా ఇండియన్ మ్యూజియానికి చేర్పించినాడు. అక్కడ వాటిని గోడకు అతకలేదు. స్తంభాన్ని స్తంభంగా నిలిపి, సూచులు దూర్చి, ఉష్ణీషం ఎక్కించి, తోరణంతోసహా కట్టడంగా నిలబెట్టినారు. చూడవచ్చినవాడు తోరణం ముందు నిలబడగలడు, ప్రాకారం వెంట నడవగలడు. స్థానం పోయినా అన్వయం కొంత దక్కినది. భార్హుత్‌లో విడిచిపెట్టిన రాళ్లు ఊళ్ల గోడలలోకి పోయి నశించినవన్న సంగతినికూడ కోల్ పక్షంవారు మరువరాదు. స్వస్థానంలో ఉంచవలెనన్న సిద్ధాంతం, కాపలా ఉన్నచోటనే సిద్ధాంతం. సాంచిలో 1912నుంచి 1919వరకు జాన్ మార్షల్ సాగించిన పునరుద్ధరణవల్ల అది సార్థకమైనది. అమరావతిలో ఆ అవకాశాన్ని 1880నాటి గొయ్యి మింగివేసినది.

ఈ అనుభవం తెలుగుదేశంలోనే మరొక చోట అక్కరకు వచ్చినది. 1926లో రంగస్వామి సరస్వతి నాగార్జునకొండ లోయలో శిథిలాలను గుర్తించినాడు. తరువాత లాంగ్‌హర్‌స్టు, టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపినారు. నాగార్జునసాగర నిర్మాణం నిశ్చయం కాగానే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి సమస్తం నీట మునుగుతుందని తేలినది. ఈసారి జమీందారు లేడు, సున్నపుబట్టీ లేదు. ప్రజల పొలాలకు నీరు కావలసి ఉన్నది. 1954నుంచి 1960వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన లోయ అంతటా తవ్వకం సాగినది. ప్రతి కట్టడానికీ పటం, ప్రతి రాతికీ స్థానం రాసిపెట్టినారు. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది. నీరు రాకముందే ముఖ్యమైన కట్టడాలను కొన్నిటిని ఎత్తి కొండమీదనూ, తూర్పు గట్టున అనుపువద్దనూ తిరిగి నిర్మించినారు. కొండ ఇప్పుడు ద్వీపం. దానిమీద 1966లో వెలసిన ప్రదర్శనశాలను బౌద్ధవిహారం పోలికలో కట్టినారు.

ఆ భవనం అసలు విహారమని ఎవరినీ భ్రమపెట్టదు. కాని అక్కడికి పడవలో పోయేవానికి తాను దాటుతున్న నీటి అడుగున ఒక నగరం ఉన్నదని తెలుసు. గట్టెక్కిన తరువాత కొండమీద నిలిపిన స్తూపపు పునాదులు చూచి, శాలలోకి పోయి ఆ స్తూపాల ఫలకాలను చూడవచ్చును. పోయినది ఎంతో, మిగిలినది ఎంతో, రెండూ ఒకేచోట కనిపిస్తవి. నష్టాన్ని దాచకపోవటం ఆ ప్రదర్శనశాల గుణం. మంచి వ్యాఖ్యాత మూలంలో పద్యపాదం లోపించినచోట సొంత పాదం పూరించడు, లోపించినదని చెప్పి ముందుకు పోతాడు.

అమరావతిలోకూడ నేడు పురావస్తుశాఖ ప్రదర్శనశాల ఉన్నది. అందులో స్తూప నమూనా, ఆ స్థలంలో తరువాత దొరికిన శిల్పాలు ఉన్నవి. దగ్గరలోనే పచ్చిక మొలిచిన గుండ్రని ఇటుకమేధి. దానిపై చెక్కడపు రాళ్లు ఇంచుమించు లేవు. అవి చెన్నపట్నంలో, లండనులో, కలకత్తాలో, పారిస్‌లోని గీమే మ్యూజియంలో ఉన్నవి. శరీరం ఒకచోట, ఆభరణాలు నాలుగు చోట్ల.

వాటిని తిరిగి తెప్పించవలెనన్న కోరిక సహజమైనది, న్యాయమైనదికూడ. కాని రాళ్లన్నీ రేపే తిరిగి వచ్చినా వాటిని ఏ వరుసలో నిలపవలెనో చెప్పే ఆధారం 1880లోనే చాలావరకు చెదిరిపోయినది. కావున తిరిగి రావటంకంటె ముందు జరుగవలసిన పని తిరిగి చదవటం. మెకంజీ పటాలు, సువెల్, బర్జెస్ నివేదికలు, సి. శివరామమూర్తి 1942లో మద్రాసు శిల్పాలపై వెలువరించిన ప్రామాణిక గ్రంథం, లండను శిల్పాలపై 1954లో డగ్లస్ బారెట్, 1992లో రాబర్ట్ నాక్స్ ప్రకటించిన గ్రంథాలు, ఇవన్నీ ఒకచోట చేర్చి చదివితే తప్ప విడిపోయిన తునకలకు చుట్టరికం తెలియదు. ఈ పని శిల్పశాస్త్రజ్ఞులది మాత్రమే కాదు. వేటూరి ప్రభాకరశాస్త్రి అమరావతి శాసన శకలంలో ‘నాగబు’ అనే మాటను గుర్తించి, రాతిమీద లభించిన తొలి తెలుగుమాటగా చూపినారు. శిల్పంకోసం పోయినవారి కంటికి ఆనని నాలుగు అక్షరాలలోపు మాట, భాష తెలిసినవాని కంటికి ఆనినది. ప్రాకృత శాసనాల నడుమ తెలుగుపలుకు దాగియున్న ఆ శిలలను తెలుగు రచయితలు తమ వాఙ్మయానికి మొదటి పుటగా భావించుకోవచ్చును. తెలుగులో ఆ శాసనాలకు సులభమైన సమగ్ర వ్యాఖ్య ఉంటే, చెన్నపట్నం గోడ ఎదుట నిలిచిన తెలుగువాడు వాటిని బొమ్మలుగా కాక వాక్యాలుగా చదువుకొంటాడు.

2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమరావతి శిల్పసంప్రదాయాన్ని అనుసరించి కొత్త అధికారచిహ్నాన్ని ఆమోదించినది. ధర్మచక్రం నడుమ పూర్ణఘటం. నాటినుంచి అది ప్రభుత్వ పత్రాలమీద ముద్రితమవుతున్నది. పట్టాపుస్తకం చేతబట్టిన రైతుకూ, నియామకపత్రం అందుకొన్న ఉపాధ్యాయునికీ, ఆ కుండను ఒక చర్మకారుని కుటుంబం, ఇంటిల్లిపాది పేరున, నలుగురూ నడిచే తోవలో నిలిపినదని ఎవరైనా చెప్పవలె. విధికుడు తన దానం వెంటనే ఆ సంగతి రాయించిపెట్టినాడు. చదివేవారికోసం ఆ ఫలకం ఎగ్మూరులో ఇంకా ఎదురుచూస్తున్నది.